చేనికావలి - తుపాకి చరిత్ర

వ్యవసాయమునకు శత్రువులు ఆఱని పెద్దలు లెక్క పెట్టిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, సమీపమున దండు విడిసిన రాజులు. వీనికే ఈతిబాధలని పేరు. ఈ ఆఱింటిలో మూడు నోరులేని ప్రాణులవలన కలుగునవే. రాజుల దండ్లు పోయినవి. చెఱువులు, కాలువలు ఏర్పడి అనావృష్టి బాధ కొంత తగ్గినది. కాని చేనిలో పడి మేయు ప్రాణితో రైతునకుగల వ్యాజ్యము మాత్రము నేటికిని తీర్పునకు రాలేదు. ఆ వ్యాజ్యములో తుపాకి ఎప్పుడు ప్రవేశించినది, ఏ తుపాకి ఏ జంతువునకు తగినది, ప్రభుత్వము రైతు చేతికి ఏ ఆయుధమిచ్చి దేనిని ఇయ్యకుండెను, తుదకు దానివలన పైరు ఎంతవఱకు దక్కినది అను విషయములు ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపబడును.

కొత్తకోట పరిసరముల రైతులకు ఇది పుస్తకములలోని ముచ్చట కాదు. హైదరాబాదు - కర్నూలు బాటకు ఇరుప్రక్కల వ్యాపించిన ఎఱ్ఱ చల్కలలో జొన్న, కంది, ఆముదము, వేరుసెనగ పండుచున్నవి. నడుమనడుమ రాతిగుట్టలు, తుమ్మ పొదలు కలవు. పగటివేళ ఆ పొదలలో పండుకొని, రాత్రి చేలలోనికి దిగు మృగములకు ఇంతకంటె అనువైన చోటు వేఱొకటి లేదు. కాయ ఊరిన వేరుసెనగ చేనిలో అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగినచో తెల్లవాఱునప్పటికి దున్నిన నేల మాత్రమే మిగులును. కుందేలు అట్లు పాడు చేయదు. అది మొలకను కొఱికి పోవును. ఈ రెండింటి భేదము చదువరులు మనస్సున ఉంచుకొనవలెను. తుపాకి కథయంతయు ఈ భేదముమీదనే ఆధారపడియున్నది.

తుపాకికి పూర్వము

కౌటిల్యుని అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున జనపదమునకు వచ్చు ఎనిమిది మహాభయములు చెప్పబడినవి. నిప్పు, నీరు, రోగము, కఱవులతో పాటు ఎలుకలు, క్రూరమృగములు, పాములు కూడ ఆ పట్టికలో చేరియున్నవి. ఎలుకల బాధ హెచ్చినప్పుడు పిల్లులను, ముంగిసలను విడువవలెననియు, వానిని పట్టినవారికిని చంపినవారికిని పండ్రెండు పణముల దండము విధింపవలెననియు అందు కలదు. అనగా పైరును తినుదానిని చంపుటకు పూర్వము, దానిని తినుదానిని కాపాడవలెనను బుద్ధి మనవారికి ఆనాడే కలదు.

కాళిదాసు రఘువంశము నాల్గవ సర్గలో చెఱకు నీడన కూర్చుండి వరిచేలు కాచుచు రాజుకీర్తిని పాడు స్త్రీలు కనిపింతురు. కల్యాణి చాళుక్య చక్రవర్తియగు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున వేట ఒక రాజవినోదముగా విస్తరించి చెప్పబడినది. ఆయన 1126 మొదలు 1138 వఱకు పాలించెను. నాటి పాలమూరు సీమ ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి తెల్లమగును. రాజు వేట వేఱు, రైతు కావలి వేఱు. రాజు మృగమును వెదకుకొని అడవికి పోవును. రైతు తన చేనికి వచ్చిన మృగమును వెడలగొట్టును. మొదటిది వినోదము, రెండవది బ్రతుకు తెరువు. తరువాతి శాసనములలో ఈ రెండును కలిసిపోయినప్పుడెల్ల చిక్కులు పుట్టినవి.

రైతు కావలికి వాడిన సాధనములు చాల సామాన్యమైనవి. చేని నడుమ నాలుగు గుంజలు పాతి కట్టిన మంచె, మంచెమీద ఒక మనిషి, చేతిలో వడిసెల. నారతో పేనిన రెండు త్రాళ్ల నడుమ చిన్న జాలె అల్లి, అందులో రాయినుంచి, తలపై గిరగిర త్రిప్పి ఒక కొస విడిచినచో ఆ రాయి వంద గజముల కవతల పడును. త్రాటి కొసనుండి పుట్టు చప్పుడునకే చిలుకల గుంపు లేచిపోవును. చిన్నపిల్లలకు గులేరు, రాత్రికావలి వారికి డప్పు, నెగడు, పాత డబ్బా, దిష్టిబొమ్మ. కుందేళ్లకు వలలు, ఉచ్చులు. నల్లమల చెంచులకు విల్లమ్ములు. ఇవి చంపుటకంటె బెదరించుటకే ఎక్కువ ఉపయోగపడినవి. ఒక మంచెమీదివాడు కేక వేయగా ప్రక్క మంచెవాడు బదులు పలుకుచుండెడివాడు. గుంపు ఒక చేనినుండి మఱొక చేనికి తరలుచున్నదని ఆ కేకలవలననే ఊరంతయు ఎఱుగుచుండెను. కావున ఆనాటి కావలిలో అసలు ఆయుధము వడిసెల కాదు, వరుసగా మేలుకొనియుండు మనుష్యులే.

ఆ వడిసెలయే ఒకప్పుడు యుద్ధాయుధమైనది. 1946 జూలై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలియైన తరువాత సాగిన తెలంగాణ రైతాంగ పోరాటములో పల్లెజనులు మొదట పట్టినవి కఱ్ఱలు, కారపుపొడి, వడిసెలలు. చిలుకలమీద విసరిన రాళ్లనే వారు దొరల మనుష్యులమీద విసరిరి. ఆ పోరాటము 1951 అక్టోబరు 21 న విరమింపబడెను.

తుపాకి వచ్చిన దారి

తుపాకి ఈ సీమకు పైరు కాచుటకు రాలేదు, యుద్ధమునకు వచ్చినది. 1520 లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్తోవావ్ దె ఫిగైరెదో అను పోర్చుగీసు నాయకుని వెంట వచ్చిన తుపాకివాండ్రు కోటగోడపై నిలిచినవారిని గుఱిచూచి పడగొట్టిరి. ఆ సంగతిని పోర్చుగీసువాడగు న్యూనిజ్ వ్రాసియుంచెను. రాయచూరు కొత్తకోటకు దూరదేశము కాదు, కృష్ణకు ఆవలి యొడ్డుసీమ. నాటి తుపాకి వత్తితుపాకి. మండుచున్న వత్తిని మందుకు తగిలించి పేల్చవలెను. వాన తుంపర పడినచో అది కఱ్ఱతో సమానము. రాత్రివేళ ఆ వత్తి నిప్పు మృగమునకు దూరమునుండియే కనిపించును. కావున కావలికి అది పనికిరాలేదు.

ఈ లోపమును తీర్చినవాడు స్కాట్లండు దేశపు క్రైస్తవ మతాచార్యుడు అలెగ్జాండరు ఫోర్సైతు. నీటిపక్షుల వేటయందు ఆసక్తిగల ఆయన, దెబ్బ తగిలినంతనే పేలు రసాయనముతో తుపాకిని కాల్చు విధానము కనిపెట్టి 1807 లో దానిపై హక్కు పొందెను. దానినుండి పుట్టినదే చిన్న రాగి టోపి. గుఱ్ఱము టోపిపై పడగానే తుపాకి పేలును. ఈ టోపి తుపాకియే మన పల్లెలలో నాటు తుపాకి యనియు, బర్మారు అనియు పేరొందినది. మూతినుండి మందు పోసి, పీచు కూరి, గజముతో దట్టించి, సీసపు రవ్వలు వేసి, మరల పీచు కూరి, వెనుక టోపి పెట్టవలెను. ఒక్కసారి కాల్చిన తరువాత ఇదంతయు మొదటినుండి చేయవలసినదే. మందన సురేకారము 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకము 10 పాళ్లు. పాళ్లు తప్పినను, మందు హెచ్చినను గొట్టము పగిలి కాల్చినవాని చేతిని, కంటిని తీసికొనును. ఐనను కమ్మరి బాగుచేయగల తుపాకి యిదియొక్కటే యగుటచేత పల్లెలలో ఇది నిలిచిపోయినది.

నిజాముల కాలమున వేట పెద్దల వినోదముగనే యుండెను. పాలమూరునకు మహబూబ్‌నగర్ అను పేరు 1890 లో ఏ ప్రభువు పేర వచ్చెనో ఆ మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులులవేటలో ప్రసిద్ధుడు. నల్లమలలోని ఫరహాబాదు నిజాముల వేటపట్టు. దొరలును అధికారులును మకాములకు, వేటకు వచ్చినప్పుడు పల్లెజనులు వెట్టిచాకిరి చేయవలసివచ్చెడిది. ఆ వేట వలన చేనికి కలిగిన మేలు స్వల్పము. పెద్దపులిని, చిఱుతను చంపినంత మాత్రమున పంది తగ్గదు. పందిని తిని తగ్గించునవి అవియే గదా! ఈ సంగతి అర్థశాస్త్రములోని పిల్లి, ముంగిసల నియమమును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

కుందేలును, చిన్న రైఫిలును

ఇతర దేశములలో రైతు తుపాకియనగా వేఱొక ఆయుధము. అది .22 రైఫిలు. దాని గుండు అడ్డుకొలత అంగుళములో నూటికి ఇరువదిరెండు పాళ్లు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. బలపము కంటెను సన్నము. ఈ వంశమునకు ఆదిపురుషుడు 1845 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున ఫ్లోబేరు చేసిన చిన్న తూటా. 1857 లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దానిని పెంచి .22 షార్ట్ అను తూటా చేసిరి. 1887 లో స్టీవెన్స్ వారు తెచ్చిన లాంగ్ రైఫిల్ అను తూటా నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. దాని గుండు బరువు 40 గ్రెయినులు, అనగా సుమారు 2.6 గ్రాములు. మందు పిడికెడు కాదు, చిటికెడు. చప్పుడు తక్కువ, తన్ను లేదు, ఖరీదు స్వల్పము.

రైఫిలునకును మామూలు తుపాకికిని గల భేదము గొట్టము లోపల నున్నది. మామూలు తుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. రైఫిలు గొట్టమున మెలికలు తిరిగిన గాళ్లుండును. గుండు ఆ గాళ్లలో బొంగరమువలె తిరుగుచు వెడలుటచేత గుఱి తప్పదు. నున్నని గొట్టపు తుపాకినుండి రవ్వలు చెదరి చల్లినట్లు పోవును. దగ్గఱ పరుగిడుచున్న జంతువునకు అది తగినది. నిలిచియున్న చిన్న జంతువునకు దూరమునుండి రైఫిలు తగినది.

ఈ చిన్న రైఫిలు రైతుసాధనముగా పేరొందిన దేశము ఆస్ట్రేలియా. 1859 లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటసరదాకై ఇంగ్లండునుండి తెప్పించిన కొద్దిపాటి కుందేళ్లను విక్టోరియాలోని తన పొలమున విడిచెను. వానికి అచ్చట శత్రువులు లేరు. కొన్ని దశాబ్దములలో అవి దేశమంతయు వ్యాపించి గడ్డినేలలను బీడు చేసినవి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము 1901 మొదలు 1907 వఱకు శ్రమపడి 1,800 కిలోమీటర్లకు పైబడిన కంచెను వేయించెను. కుందేళ్లు దానిని దాటినవి. ప్రతి పొలమునను ఒక .22 రైఫిలు వ్రేలాడెను. లిత్‌గో అను ఊరి సైనికాయుధ కర్మాగారము రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇట్టి రైఫిళ్లను విరివిగా చేసెను. కుటుంబమునకు కూర దొరకినది, తోలు అమ్ముడుపోయినది. కుందేళ్ల సంఖ్య మాత్రము తుపాకివలన తగ్గలేదు. 1950 లో మిక్సోమటోసిస్ అను అంటురోగమును విడిచిన తరువాతనే తగ్గినది. చంపువాని చేతివేగముకంటె పుట్టువాని వేగము హెచ్చైనచో తుపాకి ఓడుననుటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము లేదు.

ఆ కుందేలును మన కుందేలును ఒకటి కావు. సీమకుందేలు నేలలో బొఱియలు త్రవ్వి గుంపులుగా కాపురముండును. మన చెవులపిల్లి మెడవెనుక నల్లమచ్చ కలది. బొఱియ త్రవ్వదు. గడ్డిలో ఒక పల్లము చేసికొని ఒంటరిగా పండుకొనును. దాని పిల్లలు కన్నులు తెఱచి, వెండ్రుకలతో పుట్టును. నక్క, గ్రద్ద, గుడ్లగూబ, కొండచిలువ దానిని తినుచునే యుండును. కావున అది మన దేశమున ఏనాడును ఆస్ట్రేలియాలోవలె దండుగా పెరుగలేదు. మన రైతునకు కుందేలు చిల్లర దొంగ, పంది బందిపోటు. చిన్న రైఫిలు చిల్లర దొంగకు తగిన ఆయుధము. బందిపోటుమీద దానిని వాడుట ప్రమాదకరము.

తుపాకి నెన్నుకొనువిధము

అనుభవజ్ఞులు ఈ విషయమున మూడు కొలతలు చూతురు. జంతువు కొలత, పొలము కొలత, గుండు పోవు దూరము. .22 గుండు రెండు మూడు కిలోల కుందేలును 50, 60 గజముల దూరమున, తలకు తగిలినచో, తక్షణమే పడగొట్టును. అంతకుమించి దూరము కాల్చుట అవివేకము. ఐతే గుండు అచ్చటితో ఆగదు. తూటాపెట్టెల మీద ఒకటిన్నర మైలు, అనగా సుమారు 2.4 కిలోమీటర్లు, దూరమునకు ప్రమాదమని హెచ్చరిక అచ్చువేయుదురు. కుందేలు తప్పినచో ఆ గుండు ఎవరి చేనికి పోవునో, ఏ మంచెను తాకునో కాల్చినవాడెఱుగడు. ఆస్ట్రేలియా పొలమున మైళ్లకొలది మనిషి యుండడు. కొత్తకోట పొలమున గెట్టుకు ఆవల మఱొక కావలివాడుండును. పైగా ఈ నేల రాతినేల. సీసపు గుండు గుండ్రాతికి తగిలి దిక్కు మార్చుకొని పోవును. కావుననే వెనుక మట్టిగట్టు లేని చోట రైఫిలు కాల్చరాదను నియమము అన్ని దేశములలోను మొదటి పాఠము. గుండు నింపని తుపాకియని ఎంచి మనిషివైపు త్రిప్పరాదు, గుఱి నిశ్చయమగువఱకు వ్రేలు మీటపై నుంచరాదు, చీకటిలో చప్పుడును చూచి కాల్చరాదు అనునవి తరువాతి పాఠములు. పొదలో కదలునది పందియో, దూడయో, పొఱుగువాడో వెలుతురు లేనిదే తెలియదు.

అడవిపంది విషయము వేఱు. పోతుపంది క్వింటాలు పైబడి తూగును. మెడపై, భుజముపై దట్టమైన తోలు, కొవ్వు కవచమువలె నుండును. చిన్న గుండు దానికి చావు గాదు, గాయము మాత్రమే. గాయపడిన పంది తుపాకివానిమీదికి తిరుగును, లేదా పొదలోనికి పోయి మఱునాడు గడ్డికోయ వచ్చిన స్త్రీని పొడుచును. పందికి 12 బోరు తుపాకిలో పెద్ద రవ్వల తూటాగాని, పెద్ద రైఫిలుగాని కావలెను. 12 బోరనగా ఒక పౌను సీసమును 12 సమమైన గుండ్లుగా పోసినచో ఒక గుండు పట్టు గొట్టమని అర్థము. దాని అడ్డుకొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు. మన దేశపు ఆయుధ కర్మాగారములు చేయు .315 రైఫిలు గుండుబలము .22 గుండు బలమునకు ఇంచుమించు ఇరువది రెట్లు. బలము పెరిగినకొలది దారితప్పిన గుండువలన కలుగు ముప్పును పెరుగును.

శాసనముల కథ

రైతునకు ఏ తుపాకి యీయవలెనను ప్రశ్నకు సమాధానము శాసనములలో నున్నది. బ్రిటిషు ఇండియాలో లిట్టన్ ప్రభువు కాలమున 1878 లో వచ్చిన ఆయుధముల చట్టము లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదని విధించెను. స్వాతంత్ర్యానంతరము దాని స్థానమున 1959 ఆయుధముల చట్టము వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలైనది. దాని 13 వ సెక్షను చదువదగినది. పంట రక్షణ నిజముగా అవసరమైన పౌరునకు మూతినుండి నింపు తుపాకికి లైసెన్సు ఇయ్యవలెనని అందు కలదు. అది చాలదని అధికారికి తోచినచో ఇరువది అంగుళములకు తక్కువకాని నున్నని గొట్టపు తుపాకిని ఇయ్యవచ్చును. అదే సెక్షనులో .22 రైఫిలు ప్రస్తావనయు కలదు. కాని అది రైతునకు కాదు. గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యునకు గుఱి అభ్యాసమునకై.

ఈ ఏర్పాటునకు కారణము చట్టమున వ్రాయబడలేదు గాని ఊహింపదగినది. నాటు తుపాకి రవ్వలు కొద్దిదూరమున బలము కోల్పోవును. ఒకసారి పేలిన తరువాత మరల నింపుటకు కాలము పట్టును. రైఫిలు గుండు దూరము పోవును. చప్పుడు తక్కువ గావున దొంగవేటకు అనువు. జనసమ్మర్దముగల మన పల్లెలలో ఆస్ట్రేలియా పద్ధతి చెల్లదని ప్రభుత్వము భావించినట్లున్నది. దీని ఫలితమొక్కటి విచిత్రము. చేతికి వచ్చిన నాటు తుపాకి పందికి చాలదు. కుందేలునకు చాలినను కుందేలు పెద్ద శత్రువు కాదు. కావున పంటరక్షణ లైసెన్సు తుపాకి అనేకచోట్ల వట్టి చప్పుడు సాధనముగానే మిగిలినది. ఒక డప్పు చేయు పనిని అది ఖరీదైన మందుతో చేసినది. పైగా ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు ఠాణాలలో అప్పగింపవలసియుండును. ఎన్నికలు కోతల కాలమున వచ్చినచో ఆ చప్పుడును ఉండదు.

రెండవ మలుపు 1972 వన్యప్రాణి రక్షణ చట్టము. ఆ చట్టము కుందేలును నాల్గవ షెడ్యూలులోను, అడవిపందిని మూడవ షెడ్యూలులోను చేర్చినది. మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సు దొరకెడిది. 1991 సవరణతో ఆ దారి మూతపడినది. నాటినుండి కూరకై కుందేలును కొట్టుట నేరము, అది తుపాకితోనైనను, వలతోనైనను, ఉచ్చుతోనైనను. 2022 సవరణ 2023 ఏప్రిలు 1 నుండి అమలైనది. షెడ్యూళ్ల సంఖ్య ఆఱునుండి నాలుగునకు తగ్గినది. అడవిపంది రెండవ షెడ్యూలులో చేరినది. నెమలికిని, కృష్ణజింకకును మొదటి షెడ్యూలు రక్షణ కలదు. నారాయణపేట ప్రాంతమున కృష్ణాతీరపు చేలను మేయు కృష్ణజింకల గుంపులను చూచి రైతులు ఎంత వాపోయినను వానిమీద చేయి వేయరాదు.

పిల్లలచేతి గాలితుపాకికిని ఈ చట్టము వర్తించును. తుపాకికి లైసెన్సు అక్కఱలేకపోవచ్చును, పిట్టను కొట్టుటకు అనుమతి మాత్రము లేదు. ఈ సందర్భమున సలీం అలీ చరిత్ర స్మరింపదగినది. ఆయన బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, దాని మెడపై పసుపు మచ్చను చూచి, అదేమి పక్షియో తెలిసికొనుటకు బొంబాయిలోని ప్రకృతిశాస్త్ర సంఘమునకు పోయెను. ఆ కుతూహలమే ఆయనను పక్షిశాస్త్రవేత్తను చేసినది. 1931-32 లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి లెక్క వ్రాసినవాడు ఆయనయే. చేనిపై వ్రాలు పిట్టలలో గింజను తినునవెన్ని, గింజను తిను పురుగును తినునవెన్ని యని తెలిసికొనక తుపాకి ఎత్తరాదని ఆయన జీవితము బోధించుచున్నది.

నేటి స్థితి - కరెంటు తీగ

చట్టమున రైతునకు దారి మొత్తముగా మూతపడలేదు. మనుష్యులకుగాని, చేనిమీది పైరుతో సహా ఆస్తికిగాని ముప్పు కలిగించు జంతువును, మొదటి షెడ్యూలులో లేనిదైనచో, వేటాడుటకు అధికారి వ్రాతపూర్వకముగా అనుమతి ఈయవచ్చునని 11 వ సెక్షను చెప్పుచున్నది. ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపుట నేరము కాదని కూడ అందే కలదు. బీహారులో 2015 డిసెంబరులో అడవిపందిని, నీలుగాయిని ఒక సంవత్సరమునకు హానికర జంతువులుగా ప్రకటించిరి. కేరళలో 2022 లో స్థానిక సంస్థల అధ్యక్షులకే పందిని కాల్పించు అధికారమిచ్చిరి. తెలంగాణములో కూడ అనుమతి పొందిన తుపాకివారిచేత అడవివెలుపల పందులను కాల్పించు ఏర్పాటు కలదు. చంపబడిన మృగము ప్రభుత్వపు సొత్తు. మాంసము పంచుకొనుటకు వీలులేదు.

ఐనను అనుమతి పత్రము నడుచు వేగము వేఱు, పంది నడుచు వేగము వేఱు. ఈ ఎడమునందే పల్లెలలో ఒక ఘోరమైన ఆయుధము ప్రవేశించినది. అది చేనిచుట్టు కట్టిన వట్టి ఇనుపతీగ, దానికి స్తంభమునుండి నేరుగా తగిలించిన కరెంటు. తుపాకికి గుఱియుండును, కాల్చువానికి కన్నుండును, తప్పినను ఒక గుండుతో పోవును. తీగకు కన్ను లేదు. పందిని, పొఱుగువాని ఎద్దును, నీళ్లు పెట్టుటకు తెల్లవాఱుజామున పోవు మనిషిని అది ఒకే తీరుగా పట్టుకొనును. కట్టినవాడే మఱచి దానిమీద పడి మరణించుటయు కలదు. ఇట్టి వార్తలు తెలంగాణమున ఏటేట పత్రికలలో వచ్చుచునే యున్నవి. ఒక మడి వేరుసెనగకు ఒక ప్రాణము ఖరీదు కాదు. చంపుటకు ఉద్దేశింపని తక్కువశక్తి సౌరకంచె వేఱు, ఈ దొంగతీగ వేఱు. మొదటిది క్షణకాలము మాత్రమే తగులు దెబ్బతో జంతువును బెదరించి పంపును. రెండవది శిక్షార్హమైన నేరము.

చంపకయే కాచు ఉపాయములు లేకపోలేదు. రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వేరుసెనగ చుట్టు నాలుగు వరుసల కుసుమ, మొక్కజొన్న చుట్టు ఆముదము వేయుమని సలహా ఇచ్చుచున్నారు. కుసుమ ముండ్లు పందికి గ్రుచ్చుకొనును, ఆముదపు వాసన దానికి గిట్టదు, పైగా ఆ రెండును రైతునకు రాబడినిచ్చు నూనెగింజలు. పాలమూరు రైతునకు ఆముదము, కుసుమ క్రొత్తవి కావు. తాతలనాటి మిశ్రమ సాగు పోయి ఊరంతయు ఒకే పంట వేయునప్పటినుండియే ఈ సరిహద్దు వరుసలు మాయమైనవి. వాని స్థానమున తీగలు వెలసినవి.

ముగింపు

ఈ చరిత్రను కూడబెట్టి చూచినచో లెక్క యిట్లు తేలుచున్నది. కుందేలునకు తగిన చిన్న రైఫిలు మన పొలములకు తగలేదు, మన చట్టమును దానిని రైతునకు ఇయ్యలేదు, కుందేలును నేడు కొట్టరాదు. రైతునకు చట్టమిచ్చిన నాటు తుపాకి పందికి చాలలేదు. పందికి చాలు తుపాకి అనుమతిగలవాని చేతిలో, వెలుతురులో, వెనుక గట్టు చూచుకొని కాల్చునప్పుడు మాత్రమే మేలు చేయును. ఆ తుపాకి ఊరికి వచ్చు రాత్రులు ఏడాదిలో కొన్ని మాత్రమే. తక్కిన రాత్రులు పైరును కాపాడవలసినది ఊరే.

కావున గ్రామపంచాయతీలు చేయదగిన పని యొకటి కలదు. ఏ సర్వే నంబరులో, ఏ తేదీని, ఏ పంటకు, ఏ జంతువువలన, ఎంత నష్టము కలిగెనో ఒక పుస్తకమున వరుసగా వ్రాయింపవలెను. నష్టపరిహారమునకైనను, తుపాకివారిని పిలుచుటకైనను అర్జీకి బలము ఆ లెక్కయే. లెక్కలేని బాధ అధికారికి వినిపించు కేక మాత్రమే. లెక్కగల బాధ దస్త్రమగును. దానితోపాటు వరుస కావలిని మరల కట్టుకొనవలెను. నాడు మంచెమీద కేక వేసినవాని స్థానమున నేడు జేబులో టెలిఫోనున్నది. గుంపు ఏ చేనిలో దిగినదో ఒక్క నిమిషమున ఊరంతయు ఎఱుగవచ్చును.

వనపర్తి నుండి 1952 లో శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి గారు రాజుల యుద్ధములకంటె ప్రజల జీవనమే చరిత్రయని ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసి, 1955 లో తెలుగునకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును సంపాదించిపెట్టిరి. ఆ దృష్టితో చూచినచో మంచె, వడిసెల, బర్మారు, కుసుమ వరుస అన్నియు చరిత్రకు ఎక్కదగినవే. ఊరి గ్రంథాలయమున వానికి ఒక పుట దొరకుట ఉచితము. ఆ పుటను చదివిన రైతు ఈ రాత్రి తన చేనిచుట్టు తీగ కట్టక, గెట్టు ఆవలి పొఱుగువానితో వంతు మాట్లాడుకొనిన యెడల చదువునకు ఫలము కలిగినట్లే. పైరు పోయినచో మఱొక కారునకు వచ్చును, పోయిన మనిషి రాడు. గ్రామమునకు పాడిపంటలు, కావలివారికి క్షేమము కలుగుగాక!